పెద్దవాళ్ళు పడిపోకుండా ఉండాలంటే వాకింగ్ ఒక్కటే సరిపోతుందా? ఇంట్లో ఏం చేయించాలి?

పాలకొల్లు_పెద్దబ్బాయి:
అందరికీ నమస్కారమండి. మా అమ్మకి 72 నిండాయి. ఊళ్ళో నాన్నా తనూ ఇద్దరే ఉంటారు, నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం. వర్షాలప్పుడు పెరట్లో నూతి దగ్గర పాచి మీద కాలు జారి పడింది. ఎక్స్‌రేలో ఎముకకి ఏమీ కాలేదన్నారు, కమిలిన చోటు కూడా తగ్గిపోయింది. తగ్గనిది భయం. ఇప్పుడు గోడ పట్టుకోకుండా హాల్లోంచి వంటింట్లోకి కూడా వెళ్ళదు. శనివారం గుడి మానేసింది, పేరంటాలు మానేసింది, పగలంతా మంచం మీదే. ఫోన్ చేస్తే "మళ్ళీ పడితే మీ అందరికీ భారమైపోతాన్రా" అంటుంది. నాన్నేమో రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద కాస్త దూరం నడిపిస్తే అదే సర్దుకుంటుందంటారు. నాకు తెలియాల్సింది ఒకటే. మళ్ళీ పడకుండా ఉండడానికి నడక సరిపోతుందా, వేరే వ్యాయామాలు ఏమైనా ఉన్నాయా? ఇద్దరూ పెద్దవాళ్ళే కాబట్టి ఇంట్లో వాళ్ళంతట వాళ్ళు చేసుకోగలిగేవి చెప్పండి. మా ఊళ్ళో జిమ్ములు లేవు, ఉన్నా అమ్మ వెళ్ళదు.

అమలాపురం_డ్రిల్‌మాస్టారు:
బాబూ, నేను హైస్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరయినవాణ్ణి. సాయంత్రం పూట మా వీధి రామాలయం మండపంలో పెద్దవాళ్ళని పోగేసి వ్యాయామం చేయిస్తున్నాను. నడక మంచిదే, గుండెకీ షుగరుకీ నిద్రకీ అన్నిటికీ మంచిదే. కానీ తూలినప్పుడు నిలదొక్కుకోవడం అనేది వేరే విద్య, అది విడిగా నేర్చుకోవాలి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఒకాయన రోజూ ఏటిగట్టు మీద మైళ్ళు నడిచేవాడు. ఒక పాదం ముందు ఇంకో పాదం మడమకి వేళ్ళు ఆనించి నిలబడమంటే క్షణం నిలవలేకపోయాడు. మీ నాన్నగారు చెప్పిన నడక మాన్పించవద్దు, దానికి తోడు ఇవి కలపండి. ఇంకో మాట, మీ అమ్మగారు మంచం మీద ఎంతసేపు ఉంటే కాళ్ళు అంత నీరసిస్తాయి, కాళ్ళు నీరసిస్తే భయం ఇంకా పెరుగుతుంది. ముందు ఆవిడని మంచం దింపాలి.

ఫిజియో_కాకినాడ:
మాస్టారు చెప్పినదానికి లెక్కలు కూడా ఉన్నాయండి. 2019లో కాక్రేన్ (వైద్య పరిశోధనల్ని పోగేసి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో 25 దేశాల్లో జరిగిన 108 పరిశోధనల్ని కలిపి చూశారు, 23 వేల పైచిలుకు పెద్దవాళ్ళు. వ్యాయామం చేసినవాళ్ళలో పడిపోవడాలు మొత్తమ్మీద 23 శాతం తగ్గాయి. బ్యాలెన్స్ వ్యాయామాలకి తోడు కాళ్ళకి బలాన్నిచ్చేవి కూడా కలిపి చేసిన చోట 34 శాతం దాకా తగ్గాయి. ఉత్తి నడక వల్ల పడిపోవడం తగ్గుతుందని గట్టిగా చెప్పడానికి మాత్రం ఆధారం దొరకలేదు.

ఎందుకో చెప్తాను. తిన్నగా ముందుకు నడవడం ఒంటికి బాగా అలవాటైన పని. మనిషి పడేది అప్పుడొక్కటే కాదు. ఎవరో పిలిస్తే గిరుక్కున తిరిగినప్పుడు, గడప దాటేటప్పుడు, పై అరలో డబ్బా అందుకునేటప్పుడు, వెనక్కి ఒక అడుగు వేసినప్పుడు, చీకట్లో దోమతెర ఎత్తుకుని మంచం దిగేటప్పుడు పడతారు. మనం నిలబడడానికి కళ్ళు, లోపలి చెవి, పాదాలూ కీళ్ళూ మెదడుకి పంపే సమాచారం, ఈ మూడూ కావాలి. వయసు పెరిగేకొద్దీ మూడూ మందగిస్తాయి, పైగా తొడ కండలు తగ్గుతాయి. కానీ 80 దాటినా కండకి పని చెప్తే బలం వస్తుంది, బ్యాలెన్సు కూడా అంతే. "ఈ వయసులో ఇంకేం వస్తుందిలే" అని వదిలేయకండి, నేను రోజూ చూస్తున్నాను.

పెద్దబ్బాయి గారూ, ముందు అమ్మగారి కాళ్ళ బలం ఎంతుందో చూడండి. చేతులు లేని గట్టి కుర్చీ గోడకి ఆనించి వేసి, చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో నాన్నగారిని లెక్కపెట్టమనండి. 70 నుంచి 79 ఏళ్ళ ఆడవాళ్ళు 10 కంటే తక్కువ చేస్తే కాళ్ళు బలహీనంగా ఉన్నట్టు. మగవాళ్ళకి 70 నుంచి 74 అయితే 12, 75 నుంచి 79 అయితే 11. చేతులు ఆనించకుండా అసలు లేవలేకపోతే లెక్క సున్నా, అక్కడి నుంచే మొదలుపెట్టాలి. రెండో పరీక్ష మాస్టారు చెప్పిందే. ఒక పాదం వెనక ఇంకో పాదం పెట్టి 10 సెకన్లు నిలవలేకపోతే పడే ప్రమాదం ఎక్కువని అర్థం. ఇవి చేసేటప్పుడు పక్కన మనిషి ఉండి తీరాలి.

భీమవరం_బాబాయి:
నేనూ డెబ్బయి దాటినవాణ్ణే. ఈ చర్చ చదువుతుంటే నాకు టెన్షన్ వస్తోంది. చేతులు ఆనించకుండా లేవండి, పాదం ముందు పాదం పెట్టండి అని రాస్తున్నారు, అలా చేయబోయి పడితే ఎవరిది బాధ్యత? మా తోడల్లుడు టీవీలో చూసి ఏదో ఆసనం వేయబోయి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఇన్నాళ్ళు పొలాల్లో, గట్ల మీద కష్టపడ్డ ఒళ్ళు ఇది. ఇక విశ్రాంతి ఇవ్వకుండా ఇప్పుడు కసరత్తులేంటండి?

అమలాపురం_డ్రిల్‌మాస్టారు:
బాబాయి గారూ, మీ భయం సరైనదే, నేను తీసిపారేయను. అందుకే మా మండపంలో మొదటి రోజు ఎవరినీ ఒంటికాలి మీద నిలబెట్టను. స్తంభం రెండు చేతులతో పట్టుకుని మడమలు పైకెత్తడం, దించడం, అంతే. అది తేలికైపోయాక ఒక చేయి తీస్తారు. తర్వాత రెండు వేళ్ళు మాత్రం ఆనిస్తారు. తర్వాత చేయి స్తంభం పక్కనే ఉంటుంది కానీ తాకదు. ఒక్కో మెట్టుకి కొందరికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు పడుతుంది, ఎవరినీ తొందరపెట్టను. మీ తోడల్లుడిగారు ఎవరూ పక్కన లేకుండా ఒక్కసారిగా కష్టమైన దానికి పోయి ఉంటారు. విశ్రాంతి మాట అంటారా, పొలంలో మనం చేసింది కష్టమే గానీ అది మానేసి కూర్చున్న నాటి నుంచీ ఒంట్లో బలం తగ్గుతూనే ఉంటుంది, పాత కష్టం నిలవ ఉండదు. మా దగ్గర కోత కోసి, నాట్లు వేసిన ఆడవాళ్ళు ఉన్నారు. పని మానేసిన నాలుగైదేళ్ళకే కుర్చీలోంచి లేవడానికి మనవరాలి చేయి అందుకోవాల్సి వచ్చిందని వాళ్ళే చెప్తారు.

నరసాపురం_మనవడు:
యూట్యూబ్‌లో తాయ్ చీ అని చైనావాళ్ళది చూశాను, పెద్దవాళ్ళకి చాలా మంచిదట. అలాగే ఒటాగో అని ఇంకోటి. వీటిలో ఏది మంచిది? మా తాతగారికి యోగా అంటే ఇష్టం, అది సరిపోదా?

ఫిజియో_కాకినాడ:
రెండూ మంచివే. ఒటాగో అంటే న్యూజిలాండ్‌లో ఒటాగో యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన పద్ధతి. ఫిజియో గానీ నర్సు గానీ ఇంటికొచ్చి నేర్పి వెళ్తారు, తర్వాత మనిషి తనే వారానికి 3 సార్లు అరగంట చొప్పున చేసుకోవాలి. చీలమండకి చిన్న బరువు కట్టుకుని కాళ్ళ కండలకి పని, తర్వాత బ్యాలెన్సు, విడిగా వారానికి రెండుసార్లు నడక. పడిపోవడం దాదాపు 35 శాతం తగ్గింది, 80 దాటినవాళ్ళకే ఎక్కువ లాభం కనిపించింది. మన వీధుల్లో చీలమండకి కట్టే బరువులు దొరక్కపోతే బియ్యం పోసి కుట్టిన గుడ్డ సంచీ కట్టవచ్చు, అరకిలోతో మొదలుపెడితే చాలు. మోకాళ్ళు బాగా అరిగినవాళ్ళు బరువు కట్టేముందు డాక్టర్ని అడగండి.

తాయ్ చీ నెమ్మదిగా బరువుని ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మార్చే కదలికలు. 2018లో అమెరికాలోని ఒరెగాన్‌లో చేసిన పరిశోధనలో, ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్ళతో పోలిస్తే తాయ్ చీ చేసినవాళ్ళు 58 శాతం తక్కువ పడ్డారు. చిక్కేంటంటే నేర్పేవాళ్ళు మన జిల్లాల్లో దొరకడం కష్టం. యోగా సంగతి, తాతగారు ఏ ఆసనాలు వేస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. చాప మీద కూర్చుని, పడుకుని చేసేవి నడుముకీ మనసుకీ మంచివి, కానీ బ్యాలెన్సు నిలబడి చేస్తేనే వస్తుంది. ప్రాణాయామం మానొద్దు, నిలబడి చేసేవి కలపమనండి. వృక్షాసనం గోడ పక్కన, వేళ్ళు గోడకి ఆనించి చేయొచ్చు.

లంక_కోడలు:
మాది లంక గ్రామం. మా అత్తయ్యకి 76, షుగరు చాలా ఏళ్ళ నుంచీ ఉంది. వ్యాయామం అనగానే "నాకెందుకే ఈ వయసులో" అనేవారు. అందుకని ఆ మాట ఎత్తడమే మానేశాను, ఇంట్లో పనుల్లోనే కలిపేశాను. పాలు పొంగేదాకా స్టవ్ గట్టు పట్టుకుని మడమలెత్తమంటాను (స్టవ్‌కి కాస్త ఎడంగా, చీర కొంగు దోపుకుని). పళ్ళు తోముకునేటప్పుడు వాష్ బేసిన్ పట్టుకుని ఒక కాలు కొంచెం ఎత్తి, తర్వాత రెండోది. వంటింటి గట్టు వెంట పక్క అడుగులతో ఈ చివర్నుంచి ఆ చివరికి. సీరియల్ మధ్యలో అడ్వర్టైజ్‌మెంట్లు వచ్చినప్పుడల్లా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. విష్ణు సహస్రనామం కూర్చునే చదువుతారు, కానీ కొన్ని శ్లోకాలు నిలబడి చదవమని అడిగితే సంతోషంగా ఒప్పుకున్నారు. దేవుడి ముందు నిలబడడం ఆవిడకి వ్యాయామం కింద లెక్క కాదు, అందుకే రోజూ జరుగుతుంది. ఇప్పుడు వాకిట్లో ముగ్గు తనే వేస్తున్నారు, వంగి లేవగలుగుతున్నారు. అది చూస్తే నాకు ఎంత ఆనందంగా ఉంటుందో చెప్పలేను.

ఒక సందేహం. అరికాళ్ళు దూది మీద నడుస్తున్నట్టు ఉంటాయంటారు. దానికి ఏం చేయాలి?

ఫిజియో_కాకినాడ:
లంక కోడలు గారూ, మీరు చేయిస్తున్న పద్ధతికి పరిశోధన ఉంది. ఆస్ట్రేలియాలో సిడ్నీ వాళ్ళు ఇలాగే రోజువారీ పనుల్లో కలిపి చేయించి 2012లో ఫలితాలు ప్రకటించారు. అప్పటికే పడ్డ 70 ఏళ్ళు పైబడినవాళ్ళని తీసుకున్నారు, పడిపోవడం 31 శాతం తగ్గింది. విడిగా టైము కేటాయించలేని ఇంట్లో ఇంతకంటే మంచి దారి లేదు.

అరికాళ్ళ సంగతి షుగరు వల్ల నరాలు దెబ్బతినడమే అయి ఉండొచ్చు, డాక్టరుకి తప్పకుండా చెప్పండి. పాదాలు నేలని సరిగ్గా పసిగట్టలేవు కాబట్టి అలాంటివాళ్ళు కళ్ళ మీదే ఎక్కువ ఆధారపడతారు. అంటే చీకట్లో పడే ప్రమాదం మామూలువాళ్ళ కంటే ఎక్కువ. రాత్రి మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా చిన్న లైటు వెలుగుతూ ఉండాలి. వ్యాయామం కూడా వెలుతురులోనే, చేతికి గట్టి ఆసరా ఉన్న చోటే చేయించండి. ఇంట్లో కూడా చెప్పులు లేకుండా తిప్పొద్దు. అరిగిపోయి సాగిన హవాయి చెప్పులు కాదు, మడమ దగ్గర పట్టీ ఉన్నవి కొనండి. రోజూ రాత్రి అరికాళ్ళు మీరే చూడండి, ముల్లు గుచ్చుకున్నా ఆవిడకి తెలియకపోవచ్చు. శుక్లాలు ఉన్నాయేమో కంటి పరీక్ష కూడా చేయించండి.

రావులపాలెం_సిస్టర్:
నేను నర్సుని. అందరూ వ్యాయామాల గురించి రాస్తున్నారు, మందుల మాట ఎవరూ ఎత్తలేదు. మా దగ్గరికి పడి వచ్చే పెద్దవాళ్ళలో చాలామంది బీపీకి రెండు మూడు రకాల మాత్రలు, ప్రోస్టేట్‌కి ఒకటి, నిద్రకి ఒకటి వేసుకునేవాళ్ళే. రాత్రి పాసుకి లేచి ఒక్కసారిగా నిలబడితే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. పడుకుని ఒకసారి, నిలబడ్డాక ఒకటి నుంచి మూడు నిమిషాల్లో ఇంకోసారి బీపీ చూడాలి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గితే డాక్టరుకి చూపించి మందులు సరిచేయించుకోవాలి. మీ అంతట మీరు మాత్రలు ఆపేయకండి, అది ఇంకా ప్రమాదం. లేచే ముందు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, పాదాలు పైకీ కిందకీ ఆడించి అప్పుడు నిలబడాలి. ఎండాకాలం మన వైపు ఉక్కకి ఒళ్ళు నీరు కోల్పోతుంది, నీళ్ళు తాగకపోతే అప్పుడూ బీపీ పడిపోతుంది. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్ళు మానేసే అమ్మమ్మలు చాలామంది ఉన్నారు. పగలంతా బాగా తాగించి, పడుకోబోయే ముందు తగ్గించండి. గుండె, కిడ్నీ జబ్బుకి డాక్టర్లు నీళ్ళ కొలత చెప్పి ఉంటే మాత్రం ఆ కొలతే. పక్క మీద అటు తిరిగినప్పుడు గది గిర్రున తిరిగినట్టుంటే అది చెవికి సంబంధించినది కావచ్చు, ఈఎన్‌టీ డాక్టరు తల తిప్పి చేసే చిన్న చికిత్సతో చాలామందికి తగ్గిపోతుంది, దానికి ఏళ్ళ తరబడి మాత్రలు మింగక్కర్లేదు.

పాలకొల్లు_పెద్దబ్బాయి:
అందరికీ చాలా థాంక్సండి. సెలవు పెట్టి ఊరొచ్చాను. కుర్చీ పరీక్షలో అమ్మ 6 సార్లే లేవగలిగింది, నాన్నకి 11 వచ్చాయి. అమ్మని అడిగాను, నీకు ఏం చేయాలని ఉంది, ఏం చేయలేకపోతున్నానని బాధగా ఉంది అని. కార్తీక మాసంలో తెల్లవారుజామున కాలవ రేవులో దీపం వదలాలట. ఇంకోటి, 2027లో గోదావరి పుష్కరాలొస్తాయి కదా, 2015లో రాజమండ్రి వెళ్ళి మునిగింది, ఈసారి కూడా తన కాళ్ళతో మెట్లు దిగాలట. అది చెప్తూ ఏడ్చేసింది. ఇన్నాళ్ళు మేం "నువ్వు కదలకు, మేం చూసుకుంటాం" అంటుంటే ఆవిడకి అది ఎలా వినిపించిందో అప్పుడు అర్థమైంది. మెట్లకి ఏం చేయించాలి?

అమలాపురం_డ్రిల్‌మాస్టారు:
బాబూ, అదే పట్టుకో. ఆవిడకి కావలసింది ఆవిడే చెప్పింది, ఇక బతిమాలే పని లేదు. మీ ఇంటి అరుగు మెట్టు ఒక్కటి చాలు, పక్కన గోడో పిట్టగోడో ఉన్న చోట. ఎక్కేటప్పుడు బలంగా ఉన్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. ఎక్కడం కంటే దిగడమే కష్టం, దానికి తొడలో ఎక్కువ పట్టు కావాలి. కుర్చీలోంచి లేవడం కంటే కూర్చోవడం నెమ్మదిగా చేయించు, దబ్బున కూలబడకుండా, మనసులో అయిదు లెక్కపెట్టుకుంటూ. దిగే బలం అక్కడే వస్తుంది. అది కుదిరాక వెనక్కి నడక, గట్టు పట్టుకుని. తర్వాత రెండు చెంబులు ఎడంగా పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిరగడం. మా మండపంలో దీనికే నవ్వులు ఎక్కువ, ఆడవాళ్ళు పోటీలు పడతారు. నిజం చెప్పాలంటే సగంమంది ఆ నవ్వుల కోసమే వస్తారు. భర్త పోయి ఇంట్లో ఒక్కత్తే ఉండే ఆవిడ మొదట్లో ఎవరితో మాట్లాడేది కాదు, ఇప్పుడు రాని వాళ్ళకి తనే ఫోన్ చేసి పిలుస్తుంది.

రేవు మెట్లు మాత్రం ఎంత బలమొచ్చినా ఒంటరిగా దిగనివ్వకు. పాచి ఉంటుంది, పైగా చీకటి. పుష్కరాలకి జనం తోపులాట ఉండే రోజులు వదిలేసి, మీకు దగ్గర్లో రద్దీ లేని రేవు చూసుకోండి. గోదావరి నరసాపురంలోనూ గోదావరే.

భీమవరం_బాబాయి:
మాస్టారూ, మీరు రాసింది చదివాక మా ఆవిడ ఎదురుగా కుర్చీ పరీక్ష చేశాను. ఎంత వచ్చిందో ఇక్కడ రాయను గానీ రేపట్నుంచి మడమలెత్తడం మొదలుపెడతాను. స్తంభం పట్టుకునే సుమా. ఒకటడుగుతాను. ఒంటరిగా ఉన్నప్పుడు పడితే ఎలా లేవాలి? నాకు అసలు భయం అక్కడే.

ఫిజియో_కాకినాడ:
చాలా మంచి ప్రశ్న, దీన్ని ఎవరూ నేర్పరు. పడిన వెంటనే లేవొద్దు. అలాగే ఉండి ఎక్కడ నొప్పి ఉందో చూసుకోండి. తుంటిలో విపరీతమైన నొప్పి ఉన్నా, ఒక కాలు పొట్టిగా, పక్కకి తిరిగిపోయి కనిపించినా, తలకి దెబ్బ తగిలినా కదలకుండా కేక వేయండి, 108కి ఫోన్ చేయించండి. ఫోన్ ఎప్పుడూ చొక్కా జేబులోనో, నడుం సంచీలోనో ఉండాలి, అల్మరా మీద కాదు. తుంటి విరిగిందన్న అనుమానం ఉంటే నూనె మర్దనా, నాటు కట్టూ వద్దు. ఎవరైనా లాగి నిలబెట్టబోయినా ఒప్పుకోకండి.

ఏమీ కాలేదనిపిస్తే పక్కకి ఒత్తిగిలండి. మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ళ మీదకి రండి. అలాగే పాకుతూ గట్టి మంచం దగ్గరికి గానీ కుర్చీ దగ్గరికి గానీ వెళ్ళండి. రెండు చేతులూ దాని మీద ఆనించి, బలమైన కాలు ముందుకు పెట్టి, లేచి తిరిగి దాని మీదే కూర్చోండి. వెంటనే నడవకండి. దీన్ని ఒంట్లో బాగున్నప్పుడే పరుపు పక్కన, మనిషి తోడుండగా అభ్యాసం చేయాలి. లేవడం వచ్చని తెలిస్తే ఆ భయం సగానికి సగం తగ్గడం నేను చూశాను. ప్లాస్టిక్ కుర్చీ ఆసరాకి పనికిరాదు, బరువు ఆనితే జారిపోతుంది. బాత్రూంలో టవలు రాడ్డు కూడా అంతే, గోడకి బోల్టులు వేసి బిగించిన స్టీలు కమ్మీ పెట్టించండి.

ఎంతకాలం చేయాలని చాలామంది అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో 65 దాటినవాళ్ళకి చెప్పింది వారంలో కనీసం 3 రోజులు బ్యాలెన్స్, బలం కలిసిన వ్యాయామాలని. మార్పు కనిపించడానికి రెండు మూడు నెలలైనా పడుతుంది, మానేస్తే వచ్చినది తగ్గిపోతుంది. అందుకే జీవితాంతం సాగేలా తేలిగ్గా మొదలుపెట్టండి.

ఆచంట_అల్లుడు:
మా మావయ్యగారికి 84. తుంటికి ఆపరేషన్ అయింది, వాకర్‌తో నడుస్తున్నారు. డాక్టరుగారు వ్యాయామం చేయొచ్చన్నారు గానీ ఏవి అన్నది చెప్పలేదు. పైన చెప్పినవన్నీ ఆయనకి పనికొస్తాయా?

ఫిజియో_కాకినాడ:
అన్నీ కాదండి. తుంటి మార్చారా, రాడ్డు వేశారా అన్నదాన్ని బట్టి కొన్నాళ్ళు కొన్ని కదలికలు నిషేధం. కాలు మీద కాలు వేయడం, కింద పీట మీద కూర్చోవడం, బాగా ముందుకు వంగడం లాంటివి. అందుకని ఆపరేషన్ కాగితాలు పట్టుకుని దగ్గర్లో ఫిజియోని ఒక్కసారైనా కలవండి. ఈలోగా ఎత్తైన గట్టి కుర్చీలో కూర్చుని మోకాలు నెమ్మదిగా చాపి కాసేపు అలా పట్టి దించడం, పాదాలు ఆడించడం, కుర్చీ చేతుల మీద ఆని లేచి కూర్చోవడం చేయించండి. నిలబడి చేసేవాటికి వాకర్ పట్టుకోనివ్వొద్దు, అది తేలిగ్గా ఒరిగిపోతుంది. వంటింటి గట్టు దగ్గర నిలబెట్టి, వెనకాలే గోడకి ఆనించిన కుర్చీ వేసి ఉంచండి. మీరు ఆయన బలహీనమైన వైపు, కొంచెం వెనకగా నిలబడండి. చేయి పట్టి లాగొద్దు, నడుం దగ్గర మీ చేయి సిద్ధంగా ఉంటే చాలు. ఛాతీలో నొప్పి, బాగా ఆయాసం, కళ్ళు తిరగడం ఏది వచ్చినా ఆపి కూర్చోబెట్టండి. వాకర్ ఎత్తు కూడా ఒకసారి చూడండి, ఆయన చేతులు కిందకి వేలాడేసి నిలబడితే వాకర్ పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. వాకర్ కాళ్ళకున్న రబ్బరు తొడుగులు అరిగిపోయి ఉంటే ఇవాళే మార్పించండి, మెడికల్ షాపుల్లో దొరుకుతాయి.